ఫొటో పండగ చూసొచ్చాక మన ఊళ్లో ఏం తీయాలి?

ప్రశ్న క్లుప్తంగా: గుంటూరులో ఫొటోగ్రఫీ డిప్లొమా చదువుతున్నాను. స్నేహితురాళ్లతో కలిసి చెన్నై ఫొటో బినాలే అనే ఫొటో ప్రదర్శనల పండక్కి వెళ్లి రెండు రోజులు తిరిగాను. ఊరంతా ఫొటోలే, మతి పోయింది. తిరిగొచ్చాక ఏది తీసినా అక్కడ చూసినవాటికి నకలులా ఉంటోంది. మన గుంటూరు, బెజవాడల్లో తీయడానికి ఏముందా అనిపిస్తోంది. ఆ ఉత్సాహం చల్లారకముందే ఏం చేయాలి? కొత్త లెన్స్ కొనమంటారా?

అమ్మా, నువ్వు అని పిలుస్తున్నందుకు ఏమీ అనుకోకు. బెజవాడలో కొన్నేళ్లు పత్రికకు, తర్వాత సొంత స్టూడియోకి పనిచేసి, ఇప్పుడు నీ వయసు పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. ఆ అలవాటు.

ఏది తీసినా నకలులా ఉందన్నావు. దానికి బెంగపడకు. నీ కన్ను నీ చేతికన్నా ముందుకెళ్లిపోయింది, అంతే. చెయ్యి అందుకోవడానికి కొన్ని నెలలు పడుతుంది. నచ్చిన ఫొటోగ్రాఫర్‌ని ఒక నెలపాటు కావాలనే అనుకరించినా తప్పులేదు. ఆ వెలుగు ఎక్కడి నుంచి వచ్చిందో, ఎంత దూరంలో నిలబడి తీశారో తీసి చూస్తేనే తెలుస్తుంది. వాటిని ఎవరికీ చూపించకుండా ఒక ఫోల్డర్లో పెట్టుకో, చాలు.

అసలు సంగతి వేరే ఉంది. చెన్నై నుంచి నువ్వు ఫొటోల రూపం వెంట తెచ్చుకున్నావు. ఆ రంగులు, ఆ ఖాళీ జాగాలు, ఆ మసక వెలుగు. నిజంగా తెచ్చుకోవాల్సింది వాటి వెనకున్న పని. ఒక మనిషి ఒకే చోటికి ఎన్నేళ్లు వెళ్లాడు, అక్కడివాళ్లు అతన్ని ఎప్పుడు నమ్మారు, తీసినవాటిలో ఎన్ని పక్కన పడేసి ఈ పన్నెండు గోడెక్కించాడు అన్నది. గోడ మీద ఇదంతా కనబడదు కాబట్టి వెతికి పట్టుకోవాలి.

ఫొటోగ్రాఫర్ గౌరీ గిల్ సంగతే చూడు. 1999లో రాజస్థాన్ ఎడారి పల్లెల్లో తీయడం మొదలుపెట్టి ఏళ్ల తరబడి అక్కడికే వెళ్తూ వచ్చారు. 2003లో అక్కడి లూణ్‌కరన్‌సర్‌ అనే ఊళ్లో ఆడపిల్లల కోసం ఒక మేళా జరిగితే, అందులో ఫొటో స్టాలు పెట్టి, వచ్చిన ప్రతి పిల్లనూ తనకు నచ్చినట్టు నిలబడమని పోర్ట్రెయిట్లు తీశారు. ఆమె ఫ్రేమింగ్ చూసి నేర్చుకునేది కొంతే. మేళాలో స్టాలు పెట్టాలన్న ఆలోచన నుంచి నేర్చుకునేది చాలా ఉంది. కోటప్పకొండ తిరునాళ్లలో మన పెద్దవాళ్లు కార్డుబోర్డు విమానంలో కూర్చుని, సినిమా హీరో కటౌట్ పక్కన నిలబడి ఫొటోలు దిగినవాళ్లే. మీ ఇంట్లో పాత ఆల్బమ్ తిరగేస్తే అలాంటిది ఒకటైనా దొరుకుతుందని నా నమ్మకం. అంటే ఆ పద్ధతి మనకూ తెలిసిందే. దాన్ని చేతిలోకి తీసుకునే ధైర్యమే ఆమె దగ్గర తీసుకోవాలి.

దయానితా సింగ్ అనే మరో ఫొటోగ్రాఫర్ ప్రభుత్వ కార్యాలయాల్లో, రికార్డు గదుల్లో మూటలు కట్టిన కాగితాలను ఓపిగ్గా తీశారు. తన ఫొటోలను చెక్క చట్రాల్లో అమర్చి, వరసలు మార్చుకునే వీలుతో చూపిస్తారు. ఫలానా ఫొటో పక్కన ఏది రావాలన్నది ఆవిడకు ఫొటో తీయడమంత పెద్ద పని. విద్యార్థులు దాదాపు ఎవ్వరూ పట్టించుకోనిది ఇదే.

కాబట్టి ఈసారి ఏ ఫొటో పండక్కి వెళ్లినా అన్నీ చూడాలని పరుగులు పెట్టకు. మొదటి రోజు అన్నీ ఒకసారి తిరిగిరా. రెండోరోజు ఒక్క ప్రదర్శన దగ్గరే కూర్చో. ముందు రాత చదవకుండా ఫొటోలు మాత్రమే చూడు. తర్వాత గోడ మీద రాసింది చదివి మళ్లీ చూడు, ఏం మారిందో గమనించు. మూడోసారి పుస్తకంలో వరస గీసుకో: గుమ్మంలోనే ఏ ఫొటో పెట్టారు, ఏది నిలువెత్తున వేశారు, ఏది అరచేతిలో పట్టేంత చిన్నగా ఉంచారు, ఎందుకు. కెమెరా బ్యాగులోనే ఉండనీ. గోడల మీది ఫొటోలను మళ్లీ ఫొటోలు తీసి తెచ్చుకున్నవాళ్లు ఇంటికొచ్చాక వాటిని తెరిచి చూడరు. గీసుకున్న వరస మాత్రం బుర్రలో ఉండిపోతుంది. ఫొటోగ్రాఫరే స్వయంగా తిప్పి చూపించే నడక ఉంటే దాన్ని వదులుకోకు. అడగాల్సింది ‘ఏ కెమెరా’ అని కాదు, ‘ఏవి తీసేశారు’ అని అడుగు. ఆ ప్రశ్నకు వాళ్లు చాలాసేపు మాట్లాడతారు.

ఊరంతా ఫొటోలు పెట్టడం గురించి కూడా ఒకసారి ఆలోచించు. ఫ్రాన్స్‌లోని ఆర్ల్‌లో 1970లో మొదలైన ఫొటో ఉత్సవం పాత కట్టడాలనే గ్యాలరీలుగా మార్చుకుంది. ఢాకాలో 2000లో ఛొబి మేళా అనే ఫొటో ఉత్సవం మొదలైంది. వాళ్లు రిక్షా బండ్లకు ఫొటోలు బిగించి వీధుల్లో తిప్పారు. కాఠ్మాండూలో 2015 ఏప్రిల్‌లో భూకంపం వస్తే, అదే ఏడాది నవంబరులో అక్కడ తొలి ఫొటో ఉత్సవం జరిపారు. చెన్నైలో 2016లో మొదటి బినాలే జరిగినప్పుడు ఎంఆర్‌టీఎస్ (నగరంలో తిరిగే రైలు) స్టేషన్లో కూడా ఫొటోలు పెట్టారు. ఫొటోలు చూద్దామని ఇల్లు కదలని మనిషి కూడా రైలు కోసం నిలబడి ఆ ఫొటో చూస్తాడు. ఆ మనిషి కోసం ఆలోచించడం మొదలుపెడితే నువ్వు తీసే ఫొటో కూడా మారుతుంది.

ఇక మన దగ్గర ఏముందన్న మాట. చెన్నైలో ఎగ్మూరు మ్యూజియానికి వెళ్లావో లేదో. అక్కడ అమరావతి శిల్పాలకు ప్రత్యేకంగా ఒక గ్యాలరీ ఉంది. 1845లో వాల్టర్ ఇలియట్ అనే బ్రిటిష్ అధికారి అమరావతి స్తూపం దగ్గర తవ్వించి తీసిన సున్నపురాతి పలకలు మద్రాసు చేరాయి. 1858లో, మద్రాసు ప్రభుత్వ ఫొటోగ్రాఫర్‌గా ఉన్న లినేయస్ ట్రైప్ వాటిని ఫొటోలు తీశాడు. పారిస్‌లో డాగెరోటైప్ అనే తొలినాటి ఫొటో పద్ధతిని ప్రపంచానికి వెల్లడించింది 1839 ఆగస్టు 19న. ట్రైప్ తీసేనాటికి దానికి ఇంకా ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. ట్రైప్ తీసిన మరుసటి ఏడే, 1859లో, ఆ పలకల్లో చాలా వాటిని ఓడెక్కించి లండన్ పంపేశారు. ఇప్పుడవి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఫొటో చరిత్రలో మన ప్రాంతానికి చోటు లేదని నువ్వు అనుకుంటున్నావు. కృష్ణ ఒడ్డు రాళ్లు ఫొటో పుట్టిన తొలి రోజుల్లోనే కెమెరా ముందుకొచ్చాయి. అయితే తీసింది బయటివాడు, తీసింది మద్రాసులో, తీసింది రికార్డు కోసం. ఆ రాళ్లు లేచిపోయిన దిబ్బనూ, దాని చుట్టూ ఇవాళ్టికీ బతుకుతున్న ఊరినీ తీయడం నీకు గంటన్నర బస్సు దూరం. ట్రైప్ తీసిన ఫొటోలు ఆన్‌లైన్లో దొరుకుతాయి. వాటిని ప్రింటు వేయించి పట్టుకెళ్లి అమరావతిలో ఇంటింటికీ చూపించి, చూస్తున్నవాళ్ల ముఖాలు తీస్తే ఎలా ఉంటుందో ఊహించు. నాకు అవకాశం వచ్చినప్పుడల్లా పిల్లలకు ఈ మాటే చెబుతుంటాను.

నీకు మరీ దగ్గరలో మిర్చి యార్డు ఉంది. ఆసియాలోనే పెద్దదని పేరు. అక్కడికి వెళ్లిన ప్రతివాళ్లూ తీసేది ఒకటే ఫొటో, ఎర్రటి రాశి మధ్యలో ఒక ఆడమనిషి, పైనుంచి డ్రోన్. కల్లాల దగ్గరా అదే. ఆ ఫొటో పోటీల్లో బహుమతులు తెచ్చి పెట్టింది, ఇక దాన్ని వదిలెయ్. నువ్వు ఒక సీజన్ మొత్తం ఒక్క సంగతినే పట్టుకుని వెళ్లు. టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసే ముఠా కార్మికుల భుజం మీది గుడ్డ అనుకో. లేదా తొడిమలు తీసే ఆడవాళ్ల చేతులు, వాళ్లు ఘాటు తట్టుకోవడానికి ముఖానికి చుట్టుకునే చీర చెంగు. లేదా కమీషన్ కొట్లో చిట్టాలు, ధర కోసం ఎదురుచూస్తూ టిక్కీల మీదే నిద్రపోయే రైతు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు యార్డు నిండిపోతుంది. వేసవి సెలవులిచ్చాక అదే షెడ్లు ఖాళీ. సరుకు కోల్డ్ స్టోరేజీలకు వెళ్లిపోతుంది. ఆ ఖాళీ యార్డును తీసినవాళ్లు నాకు కనబడలేదు. నిండుగా ఉన్న ఫొటో పక్కన ఖాళీ ఫొటో పెడితే ఒక రైతు ఏడాది అర్థమవుతుంది.

పనిలో దిగితే పనికొచ్చే మాటలు కొన్ని. మిరపకాయల ఎరుపు కెమెరాను మోసం చేస్తుంది. మామూలు హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగెంతో చూపే గీత) బాగానే ఉన్నట్టు చూపిస్తుంది, ఇంటికొచ్చి చూస్తే ఎర్రటి ముద్ద, కాయ మీద ముడతలు కూడా కనబడవు. ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ పెట్టుకుని ఎరుపు గీత కుడివైపు గోడకు తగులుతోందేమో చూడు. ఎక్స్‌పోజర్ మూడింట రెండు వంతుల స్టాపు తగ్గించి, రా ఫైల్లో తీయి. యార్డు లోపల లెన్స్ మార్చకు, ఆ దుమ్ము సెన్సార్ మీద పడితే వదలదు. కళ్లజోడు, మాస్కు తప్పనిసరి. మొదటిరోజు మార్కెట్ కమిటీ కార్యాలయానికి వెళ్లి, కాలేజీ ఉత్తరం చూపించి అనుమతి తీసుకో. ఆడపిల్లవని కాదు, ఎవరికైనా ఇదే చెబుతాను: మొదటిసారి ఒంటరిగా వెళ్లకు, పరిచయమున్న కమీషన్ వ్యాపారి ద్వారానో, ముఠా మేస్త్రీ ద్వారానో వెళ్లు. కెమెరా తీయకముందు టీ తాగి మాట్లాడు. తీసినవాళ్లకు తర్వాతి వారం ఫోర్ బై సిక్స్ ప్రింటు ఇవ్వు. ఫోన్లో పంపితే అది పోతుంది, చేతికిచ్చిన ప్రింటు వాళ్ల ఇంట్లో గోడకెక్కుతుంది. మళ్లీ వెళ్లినప్పుడు నిన్ను పేరుపెట్టి పిలుస్తారు. ఫొటోలు మారేది అప్పటి నుంచే.

బెజవాడ సంగతికొస్తే బ్యారేజీ మీద సూర్యోదయం, దసరాకు ఇంద్రకీలాద్రి మెట్ల మీద ఎర్రబట్టల భవానీలు, తెప్పోత్సవం, ఇవన్నీ తీయి, తీయొద్దని ఎవరంటారు. కానీ నా మనసులో చాన్నాళ్లుగా ఉన్న పని ఒకటుంది, నీలాంటివాళ్లు ఎవరైనా చేస్తే బాగుండునని.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. ఫ్రిజ్‌లు, మంచాలు, పిల్లల పుస్తకాలు పోయాయని అందరూ రాశారు. పెళ్లి ఆల్బమ్‌లు కూడా తడిసిపోయాయి. పాత నలుపు తెలుపు ఫొటోలు, అమ్మమ్మల ఫొటోలు, ఫ్రేము కట్టి గోడకు పెట్టినవి, పేజీల మీదే ఫొటోలు అచ్చేసిన కరిజ్మా ఆల్బమ్‌లు. చనిపోయినవాళ్ల ఫొటో ఇంట్లో ఒక్కటే ఉంటే, అది కూడా బురదలో పోతే ఆ ఇంటికి ఏం మిగులుతుంది? జపాన్‌లో 2011 సునామీ తర్వాత యమమోటో అనే పట్టణంలో స్వచ్ఛంద కార్యకర్తలు శిథిలాల్లో దొరికిన కుటుంబ ఫొటోలను లక్షల్లో సేకరించి, కడిగి, స్కాన్ చేసి, సొంతవాళ్లకు తిరిగి ఇచ్చారు. మరీ పాడైపోయి ఎవరివో గుర్తుపట్టలేనివి ప్రదర్శనగా పెట్టి దేశాలు తిప్పారు. రంగు కరిగిపోయి, ముఖం ఉండాల్సిన చోట పసుపు, గులాబీ మరకలు మాత్రమే మిగిలిన ఫొటోలు. ఏ ఫొటోగ్రాఫరూ కావాలని అలాంటిది తీయలేడు.

సింగ్‌నగర్‌లో ఇప్పటికీ చాలా ఇళ్లలో ఆ తడిసిన ఆల్బమ్‌లు పారేయలేక అటక మీద పెట్టుకుని ఉంటారు. వాళ్లను అడిగి చూడు. ఎండిపోయి అతుక్కుపోయిన పేజీలను బలంగా లాగి విడదీయకు, బొమ్మ ఊడి వచ్చేస్తుంది. ఎలా ఉన్నదాన్ని అలాగే, కిటికీ పక్కన నేల మీద పెట్టి, కెమెరాను పైనుంచి సమాంతరంగా పట్టి తీయి. మెరుపు కొడుతుంటే పోలరైజర్ వాడు. ఆల్బమ్‌తోపాటు దాన్ని ఒడిలో పెట్టుకున్న మనిషినీ తీయి. ఆ మరక వెనక ఎవరున్నారో వాళ్లు చెబుతారు, అది రాసుకో. బాగు చేయగలిగినవి స్కాన్ చేసి, సరిదిద్ది, ప్రింటు వేసి తిరిగివ్వు. (భవిష్యత్తులో ఎవరికైనా పనికొస్తుందని చెబుతున్నా: ఇంకా తడిగా ఉన్న స్టూడియో ప్రింట్లను శుభ్రమైన చల్లటి నీళ్లలో మెల్లగా జాడించి, బొమ్మ పైకి వచ్చేలా పరిచి నీడన ఆరబెట్టాలి. ఇంక్‌జెట్ ప్రింట్లను మాత్రం నీళ్లలో ముంచకూడదు, రంగు పోతుంది.) ఒక్క వీధి చాలు. ఊరంతా అక్కర్లేదు. ఆ ఒక్క వీధిలో నువ్వు చేసే పని చెన్నైలో చూసినదేనికీ తీసిపోదు.

తీశాక ఏం చేయాలి? ఇన్‌స్టాలో పెడితే పెట్టు, నాకేం అభ్యంతరం లేదు. కానీ ఊరంతా ఫొటోలు చూసి మతి పోయిందన్నావు కాబట్టి, నీ ఊళ్లో కొంచెమైనా ఆ పని చెయ్. మన రెండు ఊళ్లలో ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపు లేని సెంటరు లేదు. పుట్టినరోజులకు, ఓదార్పులకు, రాజకీయాలకు అంత పెద్ద బొమ్మలు వేసే ఊళ్లో నువ్వు తీసిన ముఠా కార్మికుడి బొమ్మ ఎందుకు ఉండకూడదు? గుడ్డ మీద ప్రింటు చేసేవాళ్లుంటే ఇంకా మంచిది, ప్లాస్టిక్ తగ్గుతుంది. ఢాకావాళ్లు రిక్షా వాడారు, నువ్వు తోపుడు బండి వాడుకో. టీకొట్టు గోడ, లైబ్రరీ వరండా, కాలేజీ ప్రహరీ, ఎవరి గోడైతే వాళ్లను అడుగు. రోడ్డు పక్క జాగా అయితే కార్పొరేషన్ అనుమతి కావాలి, రైల్వే స్థలమైతే రైల్వేవాళ్లది. ఆగస్టు 19, ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం, అడగడానికి మంచి సాకు. అనుమతి ఇచ్చేవాళ్లకు ఒక సందర్భం చూపిస్తే పని త్వరగా అవుతుంది. బెజవాడలో పుస్తక మహోత్సవం మూడు దశాబ్దాలకు పైగా జరుగుతోంది, జనవరి వచ్చిందంటే కుటుంబాలకు కుటుంబాలే వస్తాయి. చూసే జనం లేరని మాత్రం అనకు.

ఒక్కటి మరిచిపోవద్దు. ఫొటో కింద రాత తెలుగులో, పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఫొటోలో ఉన్న మనిషి తన గురించి ఏం రాశారో తనే చదువుకోగలగాలి. పేరు వేయడానికి ముందే ఒప్పుకోలు తీసుకో. ఆడవాళ్ల, పిల్లల ఫొటోల విషయంలో, గోడెక్కించే ముందు ప్రింటు చూపించి మరోసారి అడుగు. వద్దంటే తీసెయ్, ఎంత మంచి ఫొటో అయినా సరే.

మళ్లీ చెన్నై బినాలే వచ్చేదాకా ఆగక్కర్లేదు. హైదరాబాద్‌లో ఇండియన్ ఫొటో ఫెస్టివల్ 2015 నుంచి జరుగుతోంది. సాధారణంగా ఏడాది చివర్లో, మాదాపూర్‌లోని స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌లో. ఇలాంటి చోట్ల పోర్ట్‌ఫోలియో రివ్యూ ఉంటుంది. నీ పని నిపుణులకు చూపించే అవకాశం. ఫోన్లోనో, ల్యాప్‌టాప్‌లోనో చూపించకు. ఈ సీజన్లో తీసినవన్నీ చిన్న ప్రింట్లు వేయించి ఇంట్లో నేల మీద పరిచి, మీ అమ్మగారినో నాన్నగారినో పిలిచి, ఏది దేని పక్కన ఉంటే కథ అర్థమవుతోందో అడుగు. ఫొటోగ్రఫీ తెలియనివాళ్ల కన్ను ఇక్కడ బాగా పనికొస్తుంది. పదిహేను, ఇరవైకి మించి మిగల్చకు. ఆ వరసలో పెట్టిన ప్రింట్ల పెట్టెతో వెళ్లు. రివ్యూ చేసేవాళ్లు మాట్లాడుతుంటే సమర్థించుకోకుండా రాసుకో. ఇద్దరు ముగ్గురు ఒకే ఫొటో దగ్గర ఆగితే దాన్ని గుర్తుపెట్టుకో, మెచ్చుకున్నా, తిట్టినా.

లెన్స్ సంగతి చివరికి మిగిలింది. నీ దగ్గర మామూలు 18-55 జూమ్ లెన్స్ ఉంటే చాలు. అందులో 35 అంకె దగ్గర టేపు వేసి కట్టేసి సీజనంతా దాంతోనే తీయి. దగ్గరికి వెళ్లాలంటే జూమ్ తిప్పకుండా నీ కాళ్లు కదలాలి. యార్డు షెడ్లలో వెలుగు చాలకపోతే ఐఎస్ఓ 3200 దాకా పెంచు, ప్రింటులో ఆ గరుకుదనం అంతగా కనబడదు. లెన్స్ డబ్బులు మాత్రం ఖర్చుపెట్టెయ్: సగం ప్రింట్లకు, సగం హైదరాబాద్ రాకపోకలకు.